కృపమణి బదిలీ

"ఈ సంస్థలోకి రిపాజిటరీ తెచ్చే అనుమతి మీకు లేదు." మళ్లీ అదే మాట, తెర మీద, ఎర్రటి అక్షరాల్లో. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న స్తుతికి కోపం కన్నా ముందు నవ్వొచ్చింది. తెస్తానని తనెప్పుడు బతిమాలింది? తను రాసిన ప్రోగ్రాం ఇమ్మని ఏడాదిగా వెంటపడ్డది ఆ సంస్థవాళ్లే. తీరా ఇస్తానని మోసుకొస్తే పుచ్చుకునేచోట తలుపేసుకుని, నీకు లోపలికి రావడానికి లేదు పొమ్మంటే, ఈ మూటను ఎక్కడ దించాలి, షామియానా గుంజకు కట్టేసి పోవాలా? ఎదురుగా సంస్థ యజమాని పరమేష్ కొత్తిల్లు, కడప ఊరి చివర కొత్తగా వేసిన ప్లాట్లలో మూడంతస్తులు, తోరణాలు, గుమ్మడికాయ, లోపల హోమం పొగ. ఆ పొగలో పీటల మీద, పట్టుపంచెలో, కళ్లు నులుముకుంటూ ఆయన. ఈ ఎర్ర అక్షరాలను తీసేయగల మనిషి ఆయనొక్కడే, ఆయన ఇప్పుడు ఫోను ముట్టుకోకూడదు.

పోయిన వారమే చెప్పింది కదా, చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నా ఖాతాలో ఉన్నది మీ సంస్థ ఖాతాలోకి మారాలంటే ముందు మీ సంస్థలో నన్ను సభ్యురాలిగా చేర్చాలన్నా, ఒక్క మీట నొక్కితే చాలు, ముందే చేసి సరిచూసుకుందాం అని. ఆయన పంచాంగం తీశాడు. "లగ్నం పెట్టించినాను స్తుతమ్మా. ఇల్లూ, ఇదీ ఒగే లగ్నంలో చేరల్ల. ఇంట్లో చేరకముందే సామాన్లు లోపల పెట్టుకుంటామా యాడన్నా?" అన్నాడు. అయ్యవారు కూడా తలూపాడు. అలా తను ఆరేళ్లుగా రాసిన ప్రోగ్రాం కోడుకు ముహూర్తం కుదిరింది, పెళ్లికూతురికి కుదిరినట్టు. కానీ ఆ లగ్నంలోనే తను పీటల మీద ఇరుక్కుని ఉంటానని పరమేష్‌కు తట్టలేదు, అయ్యవారికి తట్టలేదు, రాత్రంతా ఇద్దరినీ తిట్టుకున్న స్తుతికీ తట్టలేదు. పొద్దున రాగానే ఆయన భార్య శివజ్యోతి పళ్లెంతో వచ్చి లాప్‌టాప్ మూతకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. అదే వేలు స్తుతి నుదుటి దాకా వచ్చింది, బోసిగా ఉన్న ఆ నుదురు చూసింది, చర్చికి పోయే మనిషని గుర్తొచ్చింది కాబోలు, వెనక్కు పోయి పళ్లెం అంచుకు తుడుచుకుంది. "తప్పుగా అనుకోవద్దు పాపా" అంది. ఏమీ అనుకోలేదు వదినా అంది స్తుతి. అనుకుంది. మూతకు పెట్టినప్పుడు లేని అనుమానం మనిషి దగ్గర ఎందుకొచ్చిందా అనుకుంది.

డప్పులు మోగాయి. ఆవును తోలుకొచ్చారు. నల్ల గ్రానైటు మెట్లు నూనె పూసినట్టు మెరుస్తున్నాయి, గిట్ట జారిందో, తన నీడ చూసుకుని బెదిరిందో, ఆవు మొదటి మెట్టు దగ్గరే మొరాయించింది. ఒకరు అరటిపండు చూపించారు, ఒకరు వెనక నుంచి నెట్టారు, "గోనెపట్టా పరచండప్పా, కాలిరుగుతాది" అని ఎవరో పెద్దాయన కేకేశాడు. పట్టా పరిచారు, ఆవు ఎక్కింది, ఆడవాళ్లు అక్షింతలు చల్లారు. దాన్ని లోపలికి తీసుకుపోవడానికి ఇంతమంది ఆరాటపడుతుంటే స్తుతికి ఈర్ష్య పుట్టింది, ఆవును చూసి ఈర్ష్యపడే గతి పట్టినందుకు తన మీద తనకే రోత పుట్టింది. నాయన చూసి ఉంటే నవ్వేవాడు. గ్రానైటు ఇంటికి గాదు పాపా, చూపుకు, అనేవాడు. మన నాపబండ నున్నగానే ఉంటాది గానీ కాలిని పట్టుకుంటాది, ఆవు గాదు గదా అవ్వ గూడా జారదు, అనేవాడు. ఆయనిప్పుడు కమలాపురంలో ఇంటి ముందర మంచం మీద ఉంటాడు, మోకాళ్లకు నూనె పట్టించుకుంటూ.

నాయన లాజరు బండలు పరిచేవాడు. ఎర్రగుంట్ల గనుల నుంచి ట్రాక్టర్ల మీద దిగే బండలు, బూడిద రంగువి, తడిస్తే నల్లబడేవి. దూరపు మూలన మొదలుపెట్టాలి, గోడ నుంచి వెనక్కు వెనక్కు జరుగుతూ తలుపు వైపుకు రావాలి, పరిచినదాని మీద అడుగు పడకూడదు. ఆఖరి బండ గడప బయట గొంతుక్కూర్చుని పరవాలి. చిన్నప్పుడు అదొక ఆటలా ఉండేది స్తుతికి, నాయన పాక్కుంటూ పాక్కుంటూ బయటికొచ్చేయడం. ఒక వేసవిలో ప్రొద్దుటూరు దారిలో సుబ్బరత్నమ్మ అని ఒకావిడ ఇల్లు, నాయన బండలు, అమ్మ ఇసుక, స్తుతికి సెలవులు. దేవుడి గదిలో అప్పుడే ఆరిన బండ మీద చెంప ఆనించి బోర్లా పడుకుంటే ఎంత చల్లగా ఉండేదో, బయట ఎండకు కాకులు కూడా అరవని వేళ. సుబ్బరత్నమ్మ మజ్జిగ చెంబు తెచ్చి, "పాప నిద్రపోతాండాది, చప్పుడు చెయ్యొద్దు లాజరూ" అనేది. ఆవిడ మంచిదే. అందరూ మంచివాళ్లే, పని నడుస్తున్నన్నాళ్లు. గృహప్రవేశానికి పిలిచారు, పోయారు, గొడ్లపాక పక్కన విస్తళ్లు వేశారు, అమ్మ కొత్త చీర కట్టుకుంది. స్తుతి ఎప్పట్లాగే పరుగెత్తుకుంటూ దేవుడి గదిలోకి పోయింది, చెంప ఆనించింది. "ఏయ్, ఎవురి బిడ్డది? యాడికి పోతాండాది?" అదే గొంతు, మజ్జిగ చెంబు గొంతు. నాయన వచ్చాడు. వారం కిందటి దాకా ఆ గదిలో మోకాళ్ల మీద తిరిగిన మనిషి గడప బయట నిలబడి, లోపలికి చెయ్యి మాత్రం చాపాడు. రాండి రాండి అని వేళ్లాడించాడు, కూతుర్ని పట్టుకుని అండి అంటూ. దార్లో అన్నాడు, "పనైపోయింది గదా పాపా. ఇంగ మనది గాదు." కోపంగా అనలేదు. బాధగానూ అనలేదు, రేపు బస్సు లేదన్నట్టు అన్నాడు. స్తుతి ఇన్నేళ్లయినా నాయన మీద మనసులో పెట్టుకున్నది అదొక్కటే.

మళ్లీ నొక్కింది, తెలిసే నొక్కింది. అనుమతి లేదు. సంస్థ పేజీలో తన పేరు పక్కన ఏముందో చూసింది. బయటి సహకారి. ఆ సంస్థ పుట్టిందే తన కోడు మీద, దాని తిండి ఇన్నేళ్లూ ఆ కోడే, అందులో తను బయటి సహకారి. ఎవరు పెట్టి ఉంటారు ఆ మాట? చంద్ర పెట్టి ఉంటాడు, శివజ్యోతి తమ్ముడు, ఆఫీసులో పక్క బల్ల. చేరినప్పుడు తనే నేర్పింది వాడికి, ప్రోగ్రాంలో తప్పు పడితే కంగారుపడొద్దు చంద్రా, అది ఏమంటాందో చదువు, యంత్రం అబద్ధం చెప్పదు, అని. అక్కా అక్కా అని వెంట తిరిగేవాడు. ఇవాళ పట్టుచొక్కా వేసుకుని ఇంట్లోకీ బయటికీ తెగ తిరుగుతున్నాడు, ఇటు చూడటం లేదు.

అమ్మ కృపమణికి చదువు రాదు. ఫోను టింగుమంటే చాలు, దాన్ని అరచేతిలో పెట్టుకుని వీధిలోకి పోయి చదువొచ్చిన మొహం కోసం వెతికేది, "ఏం రాసిండాదో చూడప్పా రోంత" అని. ఒకసారి ఎవడో చదివి, నవ్వి, చెప్పకుండా పోయాడు. ఆ రోజంతా అమ్మ అన్నం తినలేదు, ఏముందో, ఎవరికేమైందో అని. సాయంత్రం స్తుతి చూస్తే అది ఏదో చీరల దుకాణం ప్రకటన. ఆ రాత్రే మొదలుపెట్టింది, ఇంజనీరింగ్ ఆఖరి ఏడు, మెసేజీ రాగానే పైకి చదివి చెప్పే ప్రోగ్రాం. గొంతు ఎవరిది పెట్టాలన్న ప్రశ్నే రాలేదు. అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, వీధి చప్పుడు పడకుండా ఇద్దరి మీదా దుప్పటి కప్పి, చెమటలు కారుతుంటే వారాలకొద్దీ మాటలు అనిపించింది. పింఛను పడిండాది. గ్యాసు రాల్యా. రేపు రాండి. ఆ ముక్కల నుంచి ఏ మాటనైనా పలికే గొంతును అల్లింది. ప్రతిదీ అన్నాక అమ్మ ఆగి, ఊపిరి తీసుకుని, "అంతే పాపా" అనేది, అయిపోయిందా అని సగం, అయిపోయిందిలే అని సగం. అది కోసేద్దామని కూర్చుని కోయలేకపోయింది స్తుతి. ప్రతి మెసేజీ చివర ఉంచేసింది. ఇప్పుడు బద్వేలు పల్లెల్లో, ఆదోని పక్క పల్లెల్లో చదువురాని అవ్వల ఫోన్లు అమ్మ గొంతుతో మాట్లాడతాయి, అంతే పాపా అంటాయి, వాళ్లు దాన్ని కృపమ్మ అని పిలుస్తారు. రిపాజిటరీకి కూడా అమ్మ పేరే పెట్టింది. రిపాజిటరీ అంటే ఏందని నాయన అడిగితే, నేను రాసిందంతా దాచే ఇల్లనుకో నాయనా, ఏ పొద్దు ఎవరు ఏ వరస రాసిందీ, ఏది కొట్టేసిందీ అన్నీ పేర్లతో సహా ఉంటాయి, చెరిగిపోవు, అంది. "పేర్లు గూడానా?" అని నాయన రెండుసార్లు అడిగాడు.

పరమేష్‌ను ఆడిపోసుకోవడం న్యాయం కాదు, అది కూడా ఒప్పుకోవాలి. ఉద్యోగం కోసం బెంగళూరు, హైదరాబాద్ తిరిగి వచ్చినప్పుడు రమ్మన్నది ఆయన. ఊరూరా తిరిగి, రచ్చబండల దగ్గర కూర్చుని, అవ్వల ఫోన్లలో కృపమ్మను ఎక్కించింది ఆయన. బద్వేలు సంత మనిషి, ఎవరితోనైనా రెండు నిమిషాల్లో వరస కలిపేస్తాడు. ఇప్పుడు హైదరాబాద్ వాళ్లెవరో మొత్తం కొంటామన్నారు, వాళ్ల లాయరు ఒకటే పట్టు పట్టాడు, అసలుది ఎవరి ఖాతాలో పుట్టిందో ఆ ఖాతా నుంచే రావాలి, రేపు ఎవరూ నాదని అనకూడదు అని. స్తుతి కూడా ఒకటే అడిగింది, జీతం కాదు, వాటా కాదు. చరిత్ర తీసేయకండన్నా, మొదటి వరస నుంచి రాసింది ఎవరో అందులో ఉంది, అదట్లే ఉండాలి. ఆయన తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మా అమ్మతోడు స్తుతమ్మా. నీ పేరు, మీయమ్మ పేరు ఎవురు తీస్తారు? తీసేటోనికి చేతులుండొద్దూ." ఆ మాట మీదే ఈ ఎండలో ఈ కుర్చీలో కూర్చుంది. కృపమణి వెళ్లిపోయినా లోపల ఎక్కడో ఒక పేజీలో స్తుతి, కమలాపురం అని ఉంటుంది, ఎవరైనా గడప దాటి లోపలికి పోయి చూస్తే కనిపిస్తుంది.

"ఏందమ్మా, ఇంగా కాల్యా? లగ్నం దాటిపోతాండాది!" పీటల మీద నుంచి ఎలా లేచాడో లేచొచ్చాడు, చేతులనిండా పసుపు, నెయ్యి.

"నువ్వు నన్ను లోపలికి చేర్చల్లన్నా. బయటి మనిషి అని ఉండాది నా పేరు పక్కన."

"అట్ల పెట్టినాడా వాడు? నాకేం తెలుసు" అన్నాడు, నొచ్చుకున్నట్టే అన్నాడు. ఫోను వేలిముద్ర పట్టలేదు, నెయ్యి. పంచెకు తుడుచుకుని అంకెలు కొట్టాడు. ఎక్కడ నొక్కాలో స్తుతి చూపించింది, ఇక్కడన్నా, సభ్యులు, ఆ కింద, అవును అనండి. తన తలుపు తనకు తెరిపించుకోవడానికి తనే దారి చెప్పింది. నొక్కాడు. తెర మీద ఒక పసుపు మరక మిగిలింది. "ఇంగ కానీ పాపా, అయ్యవారు అరుస్తాండాడు" అంటూ పంచె ఎత్తిపట్టుకుని మెట్లెక్కాడు, గోనెపట్టా మీద నుంచి.

సభ్యురాలు. చేసేవాళ్లకు తెలుస్తుంది, ఎర్ర అక్షరం పోయి మీట పచ్చబడినప్పుడు లోపల చిన్నగా ఒక గెంతు ఉంటుంది, ఎంత పాడు పనికైనా ఉంటుంది. స్తుతికి కూడా ఉంది. నొక్కింది. "కృపమణి అనే పేరుతో ఈ సంస్థలో ఇదివరకే ఒక రిపాజిటరీ ఉంది."

ఇదివరకే ఉండటమేంటి? ఎవరో పేరు పట్టిపెట్టడానికి ఖాళీది తెరిచి ఉంటారనుకుంది. ఇప్పుడు సభ్యురాలు కదా, లోపలికి పోయి చూడొచ్చు. చూసింది. ఖాళీ కాదు. అన్నీ ఉన్నాయి, తన వరసలు, తన పేర్లు పెట్టే పద్ధతి, రాత్రిళ్లు తనకోసం తను రాసుకున్న గుర్తులు కూడా, "ఇక్కడ అమ్మ దగ్గింది, జాగ్రత్త" అని రాసుకున్నది కూడా. ఒక్క ఫైలు మాత్రం లేదు. అంతే పాపా లేదు. చరిత్ర తెరిచింది. ఆరేళ్లు ఉండాల్సిన చోట ఒకే ఒక్క వరస ఉంది. మొదటి ప్రతి. రాసినవారు చంద్ర. దుప్పటి కింద చెమట, రికార్డులన్నీ పోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన రాత్రి, ఇంగ నాతో గాదు పాపా అని అమ్మ ఏడ్చిన మధ్యాహ్నం, అన్నీ కలిపి ఒక్క వరస, దాని పక్కన చంద్ర. సంక్రాంతి ముందు నాటిది. అమ్మతోడు అని తల మీద చెయ్యి పెట్టుకున్నది సంక్రాంతి తర్వాత. స్తుతి ఆ తేదీని చాలాసేపు చూసింది, చదువురానిదానిలా.

పట్టుచొక్కా వచ్చి పక్కన నిలబడింది. "అక్కా, అది నేనే పెట్టినాలే" అన్నాడు చంద్ర, మెల్లగా. "కొనేటోళ్లు సూచ్చే గందరగోళంగా ఉండకూడదు, శుబ్రంగా ఒగటి పెట్టు అన్న్యాడు బావ."

"మరి నాదెందుకు ఇంగ?"

"లాయరుకు నీ ఖాతా నుంచి వచ్చినట్టు ఉండల్ల గదక్కా. ఏం లేదు, చిన్న పని. నీదాని పేరు మార్చి పంపు, కృపమణి పాతది అని పెట్టు. లోపలికి రాంగానే దాన్ని మూలకేస్తాం." చెప్పి, ఆమె మొహం చూసి, "తప్పు పడితే కంగారుపడొద్దని నువ్వే గదక్కా చెప్పింది" అన్నాడు. వెక్కిరింపు కాదు. వాడు నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు.

సరైన పరిష్కారమే, తనైనా అదే చెప్పేది. రెండింటికీ ఒకే పేరుంటే ఒకదాని పేరు మార్చాలి. పేరు మార్చే పెట్టె తెరిచింది, కృపమణి తర్వాత గీత కొట్టుకుంటోంది. పా అని కొట్టింది. వేళ్లు అలవాటు మీద పోతాయి, తెర ఏం చెబితే అది చేసుకుంటూ పోవడం ఆరేళ్ల అలవాటు. పాత అని కొట్టింది. అమ్మ పాతది. అమ్మ పోయిన ఆదివారం కూడా చర్చిలో అందరికన్నా గట్టిగా పాడింది, పాతదెట్లా అయింది? రెండుసార్లు ఈ యంత్రం తనకు నిజమే చెప్పింది, నువ్వు బయటిదానివి అని ఒకసారి, నీ చోట్లో వేరేది కూర్చుంది అని ఒకసారి. మనుషులు చెప్పలేదు, మజ్జిగ ఇచ్చారు. నాయనా, నీకు ఆఖరి బండ పరిచాక చేతిలో ఏమీ మిగిలేది కాదు, అతికిన బండను పీకలేవు, అందుకే అంత నెమ్మదిగా అన్నావేమో. ఇది అతకలేదింకా. ఈ మీట నొక్కేదాకా నాదే. లోపలి నుంచి మంత్రాలు జోరందుకున్నాయి, పాలు పొంగినట్టున్నాయి, ఆడవాళ్లు గోవిందా అంటున్నారు. స్తుతి ఒక్కో అక్షరం వెనక్కు చెరిపింది, కృపమణి దగ్గర ఆగింది.

"అయిందా?" పరమేష్ మళ్లీ గుమ్మంలో, వెనక శివజ్యోతి, చేతిలో పాలగిన్నె.

"కాల్యా అన్నా."

"ఇంగేం అడ్డమొచ్చింది?"

"పర్మిషన్ రాల్యా."

"నీ ముందరే ఇచ్చినా గదమ్మా!"

"నీది వచ్చిండాది." లాప్‌టాప్ మూసింది, మూత మీద కుంకుమ చేతికంటింది. "నాది రాల్యా."

ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది, అర్థమయ్యాక చుట్టూ ఉన్న చుట్టాలను చూసి నవ్వు తెచ్చుకున్నాడు. శివజ్యోతి మాత్రం, పాపం, అలవాటు కొద్దీ, "తినేసి పో స్తుతీ, నీకీడికే తెప్పిస్తా" అంది. ఈడికే. స్తుతి చెప్పులు వెతుక్కుంది, వేసుకునే ఉందని తర్వాత తెలిసింది.

కమలాపురం బస్సులో కిటికీ పక్కన ఎండపడే సీటే దొరికింది. గెలిచానని ఎక్కడా అనిపించలేదు, ఆ సంగతి ముందే తెలుసు. దాని నకలు వాళ్ల దగ్గర ఉండనే ఉంది, ఈ లాయరు కాకపోతే ఇంకో లాయరు, ఇవాళ కాకపోతే వేరే లగ్నం, చంద్ర పేరుతో పోతుంది అమ్మ గొంతు, అంతే పాపా లేకుండా. నాయనకు ఏం చెప్పాలి? పనైపోలేదు నాయనా అనాలా? ఆయన ఏమీ అనడు, మోకాలు రుద్దుకుంటాడు. దుఃఖం రావాలి కదా, రాలేదు. పొలాల్లో శనగ కోసేసిన మోళ్లు, ఎర్రగుంట్ల వైపు పోయే బండల ట్రాక్టరు. ఫోను టింగుమంది. చదివే గొంతును ఆపడం మరిచిపోయింది, పక్క సీట్లవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా, ఆనాటి దుప్పటి కింద పలికినంత వెచ్చగా, ముద్దుగా, కృపమణి చదివింది. "పరమేష్ కాడ నుంచి వచ్చిండాది. రేపటి నుంచి ఆఫీసుకు రావద్దు. లాప్‌టాప్ చంద్రకు అప్పజెప్పు. నీకూ మాకూ ఏం సంబంధం లేదు." ఆగింది, ఊపిరి తీసుకుంది.

"అంతే పాపా."